సఫోక్ కౌంటీలో పాత సెస్‌పూల్ మార్పించడానికి ప్రభుత్వ గ్రాంట్: ఏది ముందు, ఏది తర్వాత?

మల్లెపందిరి (కామాక్, న్యూయార్క్)

అందరికీ నమస్కారం. లాంగ్ ఐలాండ్‌లో, ముఖ్యంగా సఫోక్ కౌంటీలో సొంత ఇల్లు ఉన్న తెలుగువారి సలహా కోసం ఇది రాస్తున్నాను. మాది 1960ల నాటి ఇల్లు. మా వీధికి మురుగునీటి పైపులైను లేదు. పోయిన చలికాలం నుంచి బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడల్లా పక్కనున్న స్నానాల గది జాలీలోంచి గుడగుడమని బుడగలు వస్తున్నాయి. ఇంటి ముందు ఒకచోట గడ్డి చుట్టుపక్కల కంటే ముదురుగా గుండ్రంగా పెరిగింది, అక్కడ కాలు పెడితే నేల మెత్తగా దిగుతోంది. మడ్డి తోడించడానికి లారీని పిలిపించాము. వచ్చినతను మూత తీసి లోపల టార్చిలైటు వేసి చూపించాడు. విడిగా సెప్టిక్ ట్యాంకు అంటూ ఏదీ లేదు, సెస్‌పూల్ అనే, సిమెంటు దిమ్మెలు గుండ్రంగా పేర్చిన మురుగు గుంత ఒక్కటే ఉంది, నీరు ఇంట్లోంచి వచ్చే పైపు అంచు దాకా నిలిచి ఉంది. తోడించిన కొద్ది వారాలకే మళ్లీ అదే పరిస్థితి.

ఇప్పటికి ఇద్దరు కాంట్రాక్టర్లు వచ్చి చూశారు. పాత గుంత పక్కనే ఇంకొక గుంత తీసి కాంక్రీటు వరలు దించి రెండింటినీ పైపుతో కలిపేస్తే సరిపోతుందని, కాగితాలేవీ అక్కరలేదని, డబ్బు నగదుగా ఇస్తే ధర తగ్గిస్తానని ఒకతను చెప్పాడు. రెండో అతను మాత్రం అలా చేయడం ఇప్పుడు కుదరదని, నత్రజనిని తగ్గించే కొత్తరకం వ్యవస్థ పెట్టించుకుంటే కౌంటీ, రాష్ట్రం రెండూ గ్రాంట్ ఇస్తాయని చెప్పి, మొత్తం ఖర్చు ముప్ఫై వేల డాలర్లు దాటుతుందని అంచనా రాసిచ్చాడు. మే నెలలో మా అత్తగారు, మామగారు గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు మాతో ఉంటారు కాబట్టి, ఏదో ఒకటి త్వరగా తేల్చేయాలని మావారు అంటున్నారు.

మొదటి కాంట్రాక్టరు చెప్పిన పద్ధతి నిజంగా చట్టవిరుద్ధమా? గ్రాంట్ డబ్బు ముందే చేతికి వస్తుందా, లేక మేము ఖర్చు పెట్టాక తిరిగి ఇస్తారా? దాని మీద ఆదాయపు పన్ను కట్టాలని పక్కింటివారు అంటున్నారు, అది ఎంతవరకు నిజం? మా గ్రీన్‌కార్డు దరఖాస్తు ఇంకా నడుస్తోంది. ప్రభుత్వ సొమ్ము తీసుకుంటే దానికేమైనా ఇబ్బంది వస్తుందేమోనన్నది నా అసలు భయం. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

గోదారిగట్టు (సెటాకెట్, న్యూయార్క్)

మల్లెపందిరి గారూ, ఈ పని మేము చేయించుకున్నాము కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ మెత్తబడిన చోటుకు పిల్లలను గానీ, గడ్డి కోసే మనిషిని గానీ వెళ్లనివ్వకండి. ఈ రోజే చుట్టూ కర్రలు పాతి తాడు కట్టేయండి. సిమెంటు దిమ్మెలతో కట్టిన పాత సెస్‌పూళ్లు యాభై అరవై ఏళ్లకు లోపల కుంగిపోయి, పైన మట్టి మాత్రమే నిలిచి ఉంటుంది. అలాంటి గుంతలు ఉన్నట్టుండి కూలి మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు లాంగ్ ఐలాండ్‌లో జరిగాయి. గ్రాంట్ సంగతి వారం ఆగినా ఫరవాలేదు గానీ ఇది ఆగకూడదు.

మొదటి కాంట్రాక్టరు చెప్పినది చెల్లదు. 1973 తర్వాత కట్టిన ఇళ్లకు సఫోక్‌లో సెస్‌పూల్ ఒక్కటే పెట్టడం నిషిద్ధం, ముందు సెప్టిక్ ట్యాంకు, తర్వాత ఇంకుడు గుంత ఉండాల్సిందే. అయితే పాత ఇళ్లవారు మాత్రం చెడిపోయిన సెస్‌పూల్ స్థానంలో మళ్లీ సెస్‌పూలే పెట్టించుకునే వీలు చాలాకాలం ఉండేది. ఆ వెసులుబాటును కౌంటీ 2019 జూలై 1 నుంచి తీసేసింది. కాబట్టి ఇప్పుడు కనీసం ట్యాంకు, ఇంకుడు గుంత రెండూ పెట్టాలి. కాగితాలు లేకుండా చేయించుకుంటే రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి లాయరు అడిగిన మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబు ఉండదు.

ఇక గ్రాంట్. సఫోక్ కౌంటీ సెప్టిక్ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్ 2017 జూలైలో మొదలైంది. నత్రజనిని తగ్గించే వ్యవస్థ పెట్టించుకునేవారికి కౌంటీ తరఫున మూల గ్రాంట్ 10,000 డాలర్ల వరకు ఉంటుంది. నీటిని పంపుతో ఒత్తిడి మీద పంపి, నేలపైపొరలోనే సన్నని పైపుల ద్వారా ఇంకించే పద్ధతి ఎంచుకుంటే ఇంకొక 5,000, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు మరొక 5,000 కలుస్తాయి. దీనికి రాష్ట్రప్రభుత్వ సెప్టిక్ నిధి తోడవుతుంది. మొదట్లో ఆ నిధి అర్హమైన ఖర్చులో సగం, గరిష్ఠంగా 10,000 డాలర్లు ఇచ్చేది. తర్వాత మెరుగైన శుద్ధి వ్యవస్థల విషయంలో దాన్ని 75 శాతానికి, గరిష్ఠంగా 25,000 డాలర్లకు పెంచారు. ఈ రెండు నిధులూ కలిపి ఒక ఇంటికి ఎంత అందుతుందన్నది కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది కాబట్టి, పక్కింటివారికి అప్పుడెంత వచ్చిందని లెక్క వేసుకోకుండా మీరు దరఖాస్తు పెట్టే రోజున కౌంటీ పట్టికలో ఉన్న అంకెనే నమ్మండి.

డబ్బు ఎప్పుడు వస్తుందన్నదానికంటే ఏ పని ఏ వరుసలో చేయాలన్నదే ఇందులో కీలకం. దరఖాస్తు పెట్టి, ఇల్లు మీ పేరున ఉన్న దస్తావేజు, నివాసయోగ్యతా పత్రం వగైరా జతచేశాక, మీరు అర్హులైతే కౌంటీ గ్రాంట్ సర్టిఫికెట్ ఇస్తుంది. అది చేతికి వచ్చేదాకా గుంత తవ్వకూడదు. ముందే పని మొదలుపెట్టిన ఇంటికి గ్రాంట్ రాదు. సర్టిఫికెట్ వచ్చాక ఇంజనీరు మీ స్థలం కొలతలు తీసి, మట్టి పరీక్ష చేసి నక్షా గీస్తారు. ఆరోగ్యశాఖ దాన్ని ఆమోదించాలి, లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు పని చేయాలి, గుంత పూడ్చకముందే కౌంటీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూడాలి. ఇవన్నీ అయ్యాక గ్రాంట్ సొమ్మును మా విషయంలో కౌంటీ నేరుగా కాంట్రాక్టరుకే చెల్లించింది, పైన మిగిలినది మేము కట్టాము. ఆ మిగిలిన భాగానికి మూడు శాతం వడ్డీతో అప్పు ఇచ్చే ఏర్పాటు కూడా ఈ పథకంలో భాగంగానే మొదలైంది, అవసరమైతే దాని గురించి దరఖాస్తుతోపాటే అడగండి.

గ్రాంట్ కిందికి రానివి కూడా ముందే తెలుసుకోండి. గడ్డి తడిపే స్ప్రింక్లర్ పైపులు తెగితే ఆ మరమ్మతు, డ్రైవ్‌వే పగిలితే ఆ పని, తోట మళ్లీ పెంచుకునే ఖర్చు, ఇంటి పాత కరెంటు ప్యానెల్ మార్చవలసివస్తే ఆ ఖర్చు, అన్నీ మనవే. మా ఇంటి ముందున్న గన్నేరు లాంటి పొద మొత్తం పీకేయవలసివచ్చింది. కాంట్రాక్టరు రాసిచ్చిన అంచనాలో ఈ సంగతులు ఎక్కడా లేకపోతే, వాటి గురించి విడిగా రాయించుకోండి.

నీటిలెక్క (స్టోనీబ్రూక్, న్యూయార్క్)

నేను నీటిశుద్ధి రంగంలో పనిచేస్తాను. గోదారిగట్టు గారు వరుస చక్కగా చెప్పారు. కౌంటీ ఇంత డబ్బు ఎందుకు ఖర్చుపెడుతోందో తెలిస్తే మీరు ఏది ఎంచుకోవాలో కూడా తేలిక అవుతుంది కాబట్టి ఆ వివరం నేను రాస్తాను.

లాంగ్ ఐలాండ్ అంతా హిమనదాలు తెచ్చి పోసిన ఇసుక, గులకరాళ్ల దిబ్బ. మనం తాగే నీరు ఏ నదినుంచో రాదు, మన కాళ్లకిందనున్న ఇసుక పొరల్లోంచే తోడుకుంటాము. అందుకే 1978లో కేంద్ర పర్యావరణ సంస్థ ఈ భూగర్భ జలాన్ని ఇక్కడివారికి ఏకైక తాగునీటి ఆధారంగా ప్రకటించింది. సఫోక్‌లో మురుగునీటి పైపులైను లేని ఇళ్లు మూడున్నర లక్షలకు పైగా ఉన్నాయి. ఇంత ఇసుక నేలలో అన్ని ఇళ్ల మూత్రం, మలం, వంటింటి నీరు దిగుతున్నాయి. సెస్‌పూల్ బాగా పనిచేస్తోందని మనం అనుకునేది నీరు వెనక్కు రాకుండా కిందికి పోతున్నంతకాలం. కానీ అలా పోతున్న నీటిలో నత్రజని పెద్దగా తగ్గదు. ఇంటినుంచి వచ్చే మురుగులో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. మామూలు సెప్టిక్ ట్యాంకు మడ్డిని, తెట్టెను ఆపుతుందే తప్ప నత్రజనిలో అత్యధిక భాగం నీటితోపాటే దాటిపోతుంది. కౌంటీ ఆమోదించే కొత్త వ్యవస్థలు దాన్ని సగటున 19 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువకు దించాలి.

ఇది ఎలా జరుగుతుందంటే, ట్యాంకులోని ఒక అరలోకి చిన్న బ్లోయర్ గాలి ఊదుతుంది. ఆ గాలితో బతికే బ్యాక్టీరియా మురుగులోని అమోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ నీటిలో కొంత భాగాన్ని మళ్లీ గాలి తగలని అరలోకి తిప్పి పంపుతారు. అక్కడి వేరొక బ్యాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకొని నత్రజనిని వాయువుగా గాలిలోకి వదిలేస్తుంది. ఫ్యూజీ క్లీన్, హైడ్రో యాక్షన్, సెప్టిటెక్, నార్వెకో సింగులేర్, ఓరెన్కో అడ్వాన్‌టెక్స్ వంటివి ఇక్కడ ఎక్కువగా వినిపించే పేర్లు. యంత్రాలలో తేడాలున్నా వెనకనున్న సూత్రం చాలావరకు ఇదే. స్టోనీబ్రూక్ విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు యంత్రం బదులు ఇసుక పొర, దాని కింద చెక్కపొట్టు కలిపిన పొర వేసి ఇదే పని చేయించే పద్ధతిని కూడా పరీక్షిస్తున్నారు.

ఈ నీరు చివరికి చేరేది తీరంలోని అఖాతాలకే. 1985లో ఇక్కడి అఖాతాలలో మొదటిసారి గోధుమరంగు నాచు విజృంభించి, లాంగ్ ఐలాండ్ తూర్పు చివరనున్న పెకోనిక్ ప్రాంతంలోని స్కాలప్ గుల్లలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. నాచు విజృంభణకు వేరే కారణాలు కూడా ఉన్నా, ఇప్పుడు ఏటా వచ్చే రకరకాల నాచు ఉధృతికి నత్రజనే పెద్ద ఊతమని పరిశోధనలు చెబుతున్నాయి. 2020లో కౌంటీ ఆమోదించిన ప్రణాళిక ప్రకారం నీటిలోకి చేరే నత్రజనిలో సుమారు 70 శాతం ఇళ్ల మురుగునుంచే వస్తోంది. 2024 నవంబరులో సఫోక్ ఓటర్లు అమ్మకపు పన్నును శాతంలో ఎనిమిదో వంతు పెంచడానికి ఒప్పుకొని, ఆ సొమ్మును 2060 దాకా మురుగు పైపులైన్లకు, ఈ సెప్టిక్ గ్రాంట్లకు కేటాయించారు. అంటే కామాక్‌లో మీరు అమ్మకపు పన్ను కట్టి కొన్న ప్రతి వస్తువు మీదా ఈ గ్రాంట్ కోసం మీరూ కొంత కడుతున్నారు. దీన్ని దానంగా భావించి మొహమాటపడవలసిన పని లేదు.

మీ ప్రశ్నకు నా సమాధానం ఇది. మామూలు ట్యాంకు, ఇంకుడు గుంత పెట్టించినా చట్టం ఒప్పుకుంటుంది, మొదటి ఖర్చూ తగ్గుతుంది. అయినా గ్రాంట్ దొరుకుతున్న ఈ సమయంలో నత్రజనిని తగ్గించే వ్యవస్థనే పెట్టించండి. కొత్తగా కట్టే ఇళ్లకు 2021 జూలై నుంచి అది తప్పనిసరి అయింది, పాత ఇళ్ల మీద ఒత్తిడి కూడా మున్ముందు పెరుగుతుందే గాని తగ్గదు.

మల్లెపందిరి

ఇద్దరికీ ధన్యవాదాలు. తాడు ఈ సాయంత్రమే కట్టాము. నగదు అడిగిన కాంట్రాక్టరుకు వద్దని చెప్పేశాము. బ్లోయర్ రోజంతా తిరుగుతుందంటే కరెంటు ఖర్చు, చప్పుడు ఎలా ఉంటాయి? అత్తగారి గది కిటికీ సరిగ్గా అటువైపే ఉంది. పన్ను సంగతి, గ్రీన్‌కార్డు సంగతి తెలిసినవారు కూడా చెప్పగలరు.

గోదారిగట్టు

బ్లోయర్ చప్పుడు పాత ఫ్రిజ్ తిరిగినట్టు సన్నగా ఉంటుంది. రాత్రి నిశ్శబ్దంలో కిటికీ తెరిచి పడుకుంటే మాత్రం వినబడుతుంది కాబట్టి, దాన్ని గరాజ్ గోడవైపు పెట్టమని నక్షా గీసేటప్పుడే ఇంజనీరుకు చెప్పండి. తర్వాత మార్చాలంటే పైపు మళ్లీ తవ్వాలి. కరెంటు బిల్లులో తేడా మాకు కొట్టొచ్చినట్టు ఏమీ కనిపించలేదు. మొదటి మూడేళ్ల నిర్వహణ కాంట్రాక్టు, వ్యవస్థ పెట్టే ఖర్చులోనే కలిసి ఉంటుంది, ఆ తర్వాత ఏటా మనమే కట్టుకోవాలి. ఆ సొమ్ము ఎంతో ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి.

అత్తగారు, మామగారు వచ్చాక నీటి వాడకం పెరుగుతుంది, అది వ్యవస్థ తట్టుకుంటుంది. తట్టుకోనిది నూనె. వేపుడు మూకుడులో మిగిలిన నూనె, పప్పు తాలింపు జిడ్డు, పెరుగు గిన్నె కడిగిన మీగడ సింకులో పోస్తే తెట్టె పేరుకొని ఆ బ్యాక్టీరియా దెబ్బతింటుంది. గిన్నెలను కాగితంతో తుడిచి చెత్తలో వేశాకే కడగడం మా ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. బ్లీచ్ కూడా అదే పనిగా వాడకండి.

పద్దుపుస్తకం (న్యూజెర్సీ)

నేను పన్నుల లెక్కలు చూసే వృత్తిలో ఉన్నాను, సఫోక్‌లో కొందరు క్లయింట్లు ఉన్నారు. మీ పక్కింటివారు చెప్పినది నిజమే. గ్రాంట్ సొమ్ము ఇంటివారి చేతికి రాకుండా నేరుగా కాంట్రాక్టరుకు వెళుతుంది కాబట్టి దాన్ని ఇంటివారి ఆదాయంగా చూడకూడదని కౌంటీ ప్రభుత్వం వాదించింది. కానీ 2020 జనవరిలో కేంద్ర పన్నుల శాఖ ఐఆర్ఎస్ దాన్ని ఇంటి యజమాని ఆదాయంగానే లెక్కించాలని తేల్చింది. కాబట్టి గ్రాంట్ వచ్చిన మరుసటి ఏడాది మొదట్లో ఆ ఆదాయాన్ని చూపే 1099 ఫారం మీకు వస్తుందని ముందే అనుకోండి. ఉదాహరణకు 20,000 డాలర్ల గ్రాంట్ వచ్చి, మీరు 22 శాతం శ్రేణిలో ఉంటే కేంద్ర పన్నుగా 4,400 డాలర్లు పక్కన పెట్టుకోవాలి. అంత సొమ్ము ఆదాయానికి కలవడం వల్ల పిల్లలకు సంబంధించిన క్రెడిట్లు ఏవైనా తగ్గుతాయేమో మీ సీపీఏ (పన్నుల అకౌంటెంటు)తో ముందే లెక్క వేయించండి. ఏ సంవత్సరంలో సొమ్ము చెల్లింపు జరుగుతుందో ఆ సంవత్సరపు ఆదాయంలోనే అది కలుస్తుంది. డిసెంబరులో ఒకరు ఉద్యోగం మారుతూ భారీ బోనస్ అందుకుంటున్నట్టయితే, చెల్లింపు జనవరికి వెళ్లడం మీకే మేలు. ఇలా పన్ను వేశాక కూడా మిగిలే లాభం పెద్దదే. పన్ను భయంతో గ్రాంట్ వదులుకున్నవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

రసీదులు, నక్షా, ఇన్‌స్పెక్షన్ పత్రాలు అన్నీ ఇల్లు అమ్మేదాకా దాచండి. ఈ పని ఇంటికి చేసిన శాశ్వతమైన మెరుగుదల కిందికి వస్తుంది, అమ్మకపు లాభం లెక్కించేటప్పుడు ఇంటి కొన్న ధరకు ఆ ఖర్చును కలుపుకోవచ్చు.

గ్రీన్‌కార్డు విషయంలో నేను లాయరును కాను. అయితే 2022 డిసెంబరు 23 నుంచి అమలైన పబ్లిక్ ఛార్జ్ నిబంధన (దరఖాస్తుదారు ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారా అని చూసేది) లెక్కలోకి తీసుకునేది జీవనోపాధి కోసం ప్రభుత్వం నగదుగా ఇచ్చే ఎస్ఎస్ఐ, టానఫ్ వంటి సాయాన్ని, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంరక్షణ కేంద్రంలో ఉండటాన్ని. తాగునీటి రక్షణ కోసం ఇంటి యజమానులకు ఇచ్చే మురుగు వ్యవస్థ గ్రాంట్ ఆ కోవలోకి రాదు. ఆ నిబంధనలు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతున్నాయి కాబట్టి, సంతకం పెట్టే ముందు మీ ఇమిగ్రేషన్ లాయరుకు ఒక ఈమెయిల్ రాసి జవాబును దాచుకోండి.

వెస్ట్‌ఫర్డ్ వాసి (మసాచుసెట్స్)

ఈ చర్చ చదువుతున్న మా రాష్ట్రంవారి కోసం ఒక మాట. ఇక్కడ బోస్టన్ శివార్లలో చాలామంది తెలుగువారి ఇళ్లకు సెప్టిక్ వ్యవస్థే ఉంది, కానీ సఫోక్‌లో లాగా గ్రాంట్ అందరికీ ఉండదు. మనకున్నది ప్రధానంగా రాష్ట్ర ఆదాయపు పన్నులో క్రెడిట్. 2023 పన్ను సంవత్సరం నుంచి, విఫలమైన వ్యవస్థను బాగుచేయడానికి లేదా మార్చడానికి అయిన ఖర్చులో 60 శాతాన్ని, మొత్తం 18,000 డాలర్లకు మించకుండా, ఏడాదికి 4,000 చొప్పున తగ్గించుకోవచ్చు. అంతకుముందు మొత్తం పరిమితి 6,000 మాత్రమే. మీరు స్వయంగా నివసించే ఇల్లై ఉండాలి, అద్దెకిచ్చిన ఇంటికి వర్తించదు. దీనికి తోడు చాలా ఊళ్లలో టౌన్ ప్రభుత్వమే తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చి, ఆస్తిపన్ను బిల్లుతోపాటు ఏళ్ల తరబడి వసూలు చేసుకునే ఏర్పాటు ఉంది. మీ బోర్డ్ ఆఫ్ హెల్త్‌లో అడగండి.

మన రాష్ట్రంలో ఇల్లు అమ్మే ముందు టైటిల్ ఫైవ్ (రాష్ట్ర సెప్టిక్ నిబంధనలు) ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి కాబట్టి కొనేవారికి కొంత రక్షణ ఉంది. అయినా ఆ నివేదికలో ఎన్ని పడకగదులకు వ్యవస్థ కట్టారో తప్పక చూడండి. గదికి రోజుకు 110 గ్యాలన్ల చొప్పున దాని పరిమాణం నిర్ణయిస్తారు. మూడు గదులకు కట్టిన వ్యవస్థ ఉన్న ఇంట్లో, తల్లిదండ్రుల కోసమని బేస్‌మెంట్‌లో నాలుగో పడకగది కట్టించాలంటే టౌన్ అనుమతి దగ్గరే ఆగిపోతారు.

మల్లెపందిరి

ఎంతో ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. గ్రాంట్ దరఖాస్తు ఈ రాత్రే పెడుతున్నాము, లాయరుకు ఈమెయిల్ కూడా రాశాను. ఒక్క సందేహం మిగిలింది. సర్టిఫికెట్ వచ్చి, నక్షా ఆమోదం పొంది, పని పూర్తయ్యేలోపు మే నెల వచ్చేస్తే అప్పటిదాకా ఎలా నెట్టుకురావాలి?

నీటిలెక్క

మే లోపు పూర్తికాదనుకొనే ఏర్పాట్లు చేసుకోండి. తోడించే లారీవారితో క్రమం తప్పకుండా రావడానికి ఇప్పుడే మాట్లాడుకోండి. తోడినప్పుడు గుంత పూర్తిగా ఖాళీ అయితే దిమ్మెల గోడ లోపలికి ఒరిగే ప్రమాదం ఉంది కాబట్టి, గోడ పరిస్థితి చూసి ఎంత తోడవచ్చో అతన్నే నిర్ణయించమనండి. బట్టలన్నీ ఒకే రోజు ఉతకకుండా వారమంతటికీ పంచండి, టాయిలెట్ ట్యాంకు కారుతుంటే ముందు అది మరమ్మతు చేయించండి, ఆ ఒక్క కారడమే ఒక్కోసారి ఇంటిల్లిపాది వాడకమంత నీటిని గుంతలోకి పంపుతుంది. ఒకవేళ మురుగు ఇంట్లోకి పొంగితే, గ్రాంట్ కోసమని ఆగకుండా వెంటనే కౌంటీ ఆరోగ్యశాఖకు ఫోన్ చేసి మీ దరఖాస్తు సంఖ్య చెప్పండి. అత్యవసరంగా ఏ పని చేయించుకోవచ్చో, ఏ పని చేస్తే గ్రాంట్ పోతుందో వారి నోటితో విని, ఆ మాటనే ఈమెయిల్‌లో రాసి పంపమని అడగండి.